హారన్ లేని బండి

"పీఆర్ వచ్చేదాకా బుద్ధిగా ఉండాలమ్మా" అన్నారు ప్రార్థన కూటంలో ఒక అంకుల్. చేతిలో బిర్యానీ ప్లేటు ఉంది కాబట్టి ఊరుకున్నాను. ఆ మాట అప్పటికి ఎంతమంది నోట విన్నానో! కాలేజీకి వెళ్ళు, పార్ట్‌టైమ్ చెయ్యి, బేస్‌మెంటులో పడుకో, లేచి మళ్ళీ కాలేజీకి వెళ్ళు. మనసైన పని ఏదైనా సరే, అది పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చిన తర్వాత. బతకడం కూడా తర్వాతేనా అంకుల్ అని అడగబోయాను గానీ, ఆంటీ పెరుగుచట్నీ వడ్డించడానికి వచ్చింది. "వచ్చే ఆదివారం నేను రాను అంకుల్, బైక్ రేసుంది" అని మాత్రం చెప్పాను.

"చూడ్డానికా?"

"నడపడానికి."

ఆయన ఆంటీ వైపు చూశారు. ఆంటీ నా కాళ్ళ వైపు చూసింది, అప్పటికే ఒకటి విరిగిపోయినట్టు.

మేమంతా చదువు కోసం గుంపులు గుంపులుగా కెనడాలో దిగిన రోజులవి. మా లండన్‌లో, ఇంగ్లండ్‌ది కాదు, కెనడా ఒంటారియోలోని లండన్‌లో, ఏ బస్సెక్కినా వెనక సీట్లో ఎవరో ఒకరు తెలుగులో ఫోన్ మాట్లాడుతుండేవారు. అద్దె ఇళ్ళు దొరక్కపోయినా మా వల్లే, ఆస్పత్రిలో ఆలస్యమైనా మా వల్లే, చివరికి కాఫీ చల్లారినా మా వల్లే అన్నట్టు చూసేవారు కొందరు. స్టూడెంట్ అన్న మాట వాళ్ళ నోట్లో తిట్టులా వినపడేది. నాకు ఒళ్ళు మండేది. తల దించుకుని పక్కనుంచి జారుకోవడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు.

ముఖ్యంగా మా అమ్మకు. అమ్మ గుంటూరు దగ్గర ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం. మోపెడ్ వెనక టీకాల పెట్టె కట్టుకుని ఊరూరూ తిరిగేది. దారి నిండా మిర్చి బస్తాల ట్రాక్టర్లు, గేదెలు, రోడ్డు తమ మామగారు రాసిచ్చినట్టు మధ్యలో నడిపే మగాళ్ళు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ నన్ను అదే మోపెడ్ మీద ముందు కూర్చోబెట్టి నేర్పింది. "ఏమే, దాటేటప్పుడు హారన్ కొట్టవేం? చెప్పాపెట్టకుండా పక్కనుంచి దూరితే వాళ్ళు బెదిరిపోరూ? దారి ఇమ్మని బతిమాలొద్దు. వస్తున్నానని చెప్పు, చెప్పి వెళ్ళిపో" అనేది. నేను తర్వాత నాన్న వంద సీసీ బండి నడిపినా, స్నేహితురాలి స్కూటీ నడిపినా, అమ్మ మాట నా చేతిలోనే ఉండిపోయింది.

లండన్‌లో నాకు శుక్ర, శనివారాల్లో పని ఇచ్చిన మా ఓనరమ్మ కూడా అలాంటి మనిషే. అరవై దాటిన తెల్లావిడ. గడ్డి కోసే మిషన్లు, మంచు తోసే మిషన్లు బాగుచేసే షాపు ఆవిడది. నేను కౌంటర్లో కూర్చునేదాన్ని. ఒకరోజు ఎవరో తెచ్చిన పాత బైకు ఎంతకీ స్టార్ట్ కాలేదు. ఆవిడ మోకాలు నొప్పితో తిట్టుకుంటుంటే, నేను కౌంటర్ దాటి వచ్చి, బండిని కొంచెం పక్కకు వంచి, నాలుగు కిక్కులు ఉత్తుత్తిగా కొట్టి, ఐదో కిక్కుకు స్టార్ట్ చేశాను. మన దగ్గర వానాకాలంలో ప్రతివాళ్ళూ చేసే పనే. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఎవరు నేర్పారు?" అంది. "మా అమ్మ" అన్నాను. షాపు వెనక టార్పాలిన్ కప్పి ఉన్న బండి నాకు చూపించింది ఆరోజే.

ఆవిడ ఒకప్పుడు లాంగ్ ట్రాక్ రేసులు నడిపేదట. లాంగ్ ట్రాక్ అంటే గుర్రప్పందేల మైదానంలో ఉంటుంది చూడండి, కోడిగుడ్డు ఆకారంలో పెద్ద మట్టి దారి, దాని మీద మోటార్‌సైకిళ్ళ పందెం. ఎప్పుడూ ఎడమకే తిరగాలి. మలుపులో ఎడమ కాలు నేలకు ఆనించి, వెనక చక్రాన్ని కావాలనే జార్చుకుంటూ పోవాలి. ఆ కాలి బూటు కింద ఇనుప రేకు కట్టుకుంటారు. పెద్ద తరగతి బళ్ళకు అసలు బ్రేకులే ఉండవు. మా తరగతిలో పాత డర్ట్ బైకుల్ని మార్చి వాడతారు, వాటికి ముందు బ్రేకు ఊడబీకేస్తారు. అద్దాలు లేవు, లైట్లు లేవు, హారన్ లేదు. ఎడమ పిడి పక్కన ఒక ఎర్ర బటన్ ఉంటుంది. అది నొక్కితే ఇంజన్ ఆగిపోతుంది. పడ్డప్పుడు ఆపడానికి అది.

మే నెలలో పొలాల మధ్య ఖాళీ మైదానంలో ఆవిడ నాకు ఆ బండి నడపడం నేర్పింది. జూన్‌లో ఊరి బయట గుర్రాల ట్రాక్ మీద ఆ ఏటి చాంపియన్‌షిప్ మొదలైంది. వేసవిలో కొన్ని ఆదివారాలు రేసులు, వాటిలో వచ్చిన పాయింట్లతో ముందున్న పన్నెండు మందికి సెప్టెంబర్‌లో ఫైనల్. నాకు ఆ ఫైనల్ కావాలి. ఎందుకో పెద్దగా ఆలోచించలేదు. అక్టోబర్‌లో వేల కిలోమీటర్ల అవతల ఎడ్మంటన్‌లో ఉద్యోగంలో చేరాలి. ఈ బండి, ఈ ట్రాకు, ఈ ఓనరమ్మ అక్కడికి రారు. నాకున్నది ఈ ఒక్క సీజనే. వచ్చిన దగ్గర్నుంచి అన్నీ ఎవరో ఒకరు అనుమతిస్తేనే చేశాను. ఇది మాత్రం నాకోసం చేసుకోవాలనిపించింది.

మొదటి ఆదివారం బళ్ళు నిలిపే చోట ఒకడు నన్ను చూసి పక్కవాడితో, "ఇక్కడికి కూడా స్టూడెంట్లు వచ్చేశారా!" అని నవ్వాడు. నాకు వినపడాలనే అన్నాడు. పసుపు హెల్మెట్, ప్రతి సీజన్లోనూ మూడో నాలుగో స్థానంలో ఉండే మనిషి. మైకులో అనౌన్సరు నా ఇంటిపేరు దగ్గర కాసేపు తడబడి, "నలభై ఏడో నంబరు" అని సరిపెట్టుకున్నాడు. నవ్వండి నాయనా నవ్వండి అనుకుని హెల్మెట్ పెట్టుకున్నాను.

అయితే ఆరోజు నా బండే నన్ను నవ్వులపాలు చేసింది. ఒంటరిగా పోతే గాలి. ముందు ఎవరైనా ఉంటే, వాళ్ళ పక్కకు వచ్చి దాటబోయే క్షణానికి ఇంజన్ ఠక్కున ఊపిరి బిగబట్టేది. మలుపులో ఇంజన్ ఆగితే జారుతున్న వెనక చక్రం మట్టిని పట్టుకుంటుంది, బండి నిటారుగా లేచి తిన్నగా కంచె మీదికి పోతుంది. అదృష్టం బాగుండి ఇంజన్ మళ్ళీ అందుకునేది. ఈలోపు వెనకున్నవాళ్ళంతా నన్ను దాటుకుని పోయేవారు. దుమ్ము మాత్రం నాకు మిగిలేది.

ఓనరమ్మ ప్లగ్గు మార్చింది. కార్బురేటర్ విప్పి కడిగింది. పెట్రోలు పారబోసి కొత్తది పోసింది. స్టాండు మీద పెడితే బంగారంలాంటి ఇంజన్, ఒక్క తుమ్ము కూడా లేదు. ట్రాక్ మీద ఎవరినైనా దాటబోతే చాలు, మళ్ళీ అదే రోగం. "నా జన్మలో ఇలాంటి బండి చూడలేదు. ఎదుటివాడిని చూస్తే సిగ్గుపడుతోంది" అంది ఆవిడ. అలాగే కిందా మీదా పడి, ఎవరో పడిపోతేనో ఎవరి చైనో తెగితేనో దొరికిన పాయింట్లతో పన్నెండో స్థానం పట్టుకుని వేలాడుతూ వచ్చాను.

ఆగస్టులో ఒక రేసులో నా ఇంజన్ ఆగినప్పుడు వెనకొస్తున్న అమ్మాయి నన్ను గుద్దబోయి అంగుళంలో తప్పించుకుంది. రేసు అవగానే రెఫరీ వచ్చాడు. బడి హెడ్మాస్టర్‌లా చేతులు వెనక్కి కట్టుకుని నడిచే పెద్దాయన, నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. "నీ బండి ఇతరులకు ప్రమాదం. ఇంకొక్కసారి ఇలా జరిగితే నల్లజెండా ఊపి బయటికి పంపిస్తాను, ఫైనల్ కూడా మర్చిపో" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. తప్పు లేదు కాబట్టే ఇంకా ఏడుపొచ్చింది. ఓనరమ్మ ట్రక్కులో కూర్చుని ఇంటిదాకా ఏడ్చాను.

ఆరోజు నా రూమ్మేట్ కూడా వచ్చింది. కరీంనగర్ పిల్ల, మా బేస్‌మెంటులో నలుగురిలో నోరున్నది అదే. మొదట్నుంచీ "ఏందే నీకీ పిచ్చి, కాలిరిగితే నిన్నెవ్వలు ఎత్తుకపోవాలె? నాతోని గాదు" అని తిట్టిన మనిషే, కంచె పక్కన నిలబడి గొంతు పోయేలా అరిచి, రేసంతా ఫోన్‌లో తీసింది. మర్నాడు పప్పన్నం తింటూ ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూస్తోంది. నాకేమో చూడబుద్ధి కాలేదు.

"ఏయ్, గిటు రా" అంది ఉన్నట్టుండి. "గీడ సూడు. నీ ఎడమ చెయ్యి సూడు. బొటనేలు."

చూశాను. నా బండి ముందున్న బండి పక్కకు వచ్చింది. నా ఎడమ బొటనవేలు లేచి, పిడి పక్కకు వెళ్ళి, గట్టిగా నొక్కింది.

"ఓసి నీ బొంద! హారన్ కొడుతున్నవ్ గదనే!"

ఫోన్ లాక్కుని మళ్ళీ చూశాను. మన బళ్ళకు హారన్ ఉండేది సరిగ్గా అక్కడే. ఈ బండికి అక్కడ ఉన్నది ఎర్ర బటన్. ఎవరినైనా దాటబోయిన ప్రతిసారీ నేను మర్యాదగా హారన్ కొట్టి నా ఇంజన్ గొంతు నేనే నొక్కేస్తున్నాను. మెకానిక్కులు, పాత రేసర్లు, ఇంతమంది చూసినా ఎవరికీ తట్టలేదు. వాళ్ళు దాటేటప్పుడు హారన్ కొట్టే జాతి కాదు మరి. కనిపెట్టడానికి కరీంనగర్ నుంచి మనిషి రావలసి వచ్చింది. అది నేల మీద పడి దొర్లి దొర్లి నవ్వింది. కాసేపటికి నేనూ నవ్వాను.

ఓనరమ్మకు చెబితే మంచు మిషన్ మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. తర్వాత నా బొటనవేలిని పిడికి టేపు వేసి బిగించింది. "అలవాటు మానుకోవాలి, అంతే" అంది. ఆ ఆదివారం టేపుతో నడిపాను. ఇంజన్ ఒక్కసారి కూడా ఆగలేదు. నేను ఒక్కరిని కూడా దాటలేదు. ముందు బండి పక్కకు వస్తాను, వేలు కదలదు, కదలకపోతే నా ఒళ్ళు ముందుకు దూకదు. చెప్పకుండా ఎలా దాటను? ఎవరింట్లోకో తలుపు కొట్టకుండా దూరినట్టు ఉండేది. రేసు మొత్తం పెళ్ళి ఊరేగింపులో ఆఖరి మనిషిలా అందరి వెనకా నడిచాను. ఇంజన్ ఆగకుండా చివరిదాకా నడిపినందుకు వచ్చిన పాయింటుతో ఎలాగో పన్నెండో స్థానం నిలిచింది. ఫైనల్లో చోటు దక్కింది గానీ సంతోషం మాత్రం లేదు. నాకు నా మీదే అసహ్యం వేసింది.

ఫైనల్ ముందు శనివారం బళ్ళు తనిఖీ చేస్తారు. రెఫరీ మా బండి దగ్గరికి రాగానే అడిగేశాను. పెద్ద తరగతి బళ్ళకు మణికట్టుకు కట్టుకునే తాడు ఉంటుంది. మనిషి పడితే తాడు ఊడి ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది. "నా బండికీ ఆ తాడు పెడతాను. ఈ బటన్ వైరు కోసేస్తాను" అన్నాను.

"అందరూ బటన్‌తోనే నడుపుతున్నారు. నువ్వు నీ వేలిని అదుపులో పెట్టుకోవడం నేర్చుకోవాలి" అన్నాడాయన.

"ఆ వేలిని మా అమ్మ తయారుచేసింది సార్. అది మారదు. వైరు మారుతుంది."

"ఈ దేశంలో హారన్ కొడితే తిట్టినట్టు."

"మా దగ్గర కొట్టకుండా దాటితే తిట్టినట్టు" అన్నాను. గొంతు నాకు తెలియకుండానే లేచింది. "ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి ఎలా నిలబడాలి, ఎలా మాట్లాడాలి, ఎంత మెల్లగా నవ్వాలి, అన్నీ నేర్చుకుంటూనే ఉన్నాను. అన్నీ మార్చుకున్నాను. ఈ వేలొక్కటి వదిలేయండి. రూలు ప్రకారం తాడు తప్పయితే చెప్పండి, బండి ఇప్పుడే ట్రక్కెక్కిస్తాను."

పక్కన పసుపు హెల్మెట్‌వాడు రెంచి పట్టుకుని వింటున్నాడు. ఓనరమ్మ చేతులు కట్టుకుని, నవ్వు ఆపుకుంటూ ఆకాశం చూస్తోంది. రెఫరీ జేబులోంచి రూల్సు పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. "రూలు ప్రకారం తప్పు కాదు. కానీ రేపు నీ ఇంజన్ ఒక్క తుమ్ము తుమ్మినా నల్లజెండా" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఓనరమ్మ తాడు బిగించి, వైరు కోసి, "ఈ బటన్ ఊడదీసేయనా?" అని అడిగింది.

"వద్దు. ఉండనీండి" అన్నాను.

ఫైనల్ రోజు నా రూమ్మేట్ మిగిలిన ఇద్దరినీ లాక్కొచ్చింది, నిమ్మకాయ కూడా తెచ్చింది. చక్రం కింద పెట్టబోతుంటే, "మేం చర్చివాళ్ళమే తల్లీ" అన్నాను. "నిమ్మకాయకు మతమేందే, తొక్కియ్యి సప్పుడు జెయ్యక" అంది. తొక్కించాను. ముందు రోజు ఫోన్‌లో అమ్మ ప్రార్థన చేసింది, ఇవాళ ఇది నిమ్మకాయ పెట్టింది. నాకు రెండూ కావాలనిపించింది.

పన్నెండో స్థానం కాబట్టి చివరి వరుస. జెండా లేచింది. మొదటి మలుపులో ముందు ఏమీ కనపడలేదు, అంతా మట్టి. రెండో మలుపు దాటాక ఒక నీలం బండి వెనక చక్రం కనపడింది. పక్కకు వచ్చాను. బొటనవేలు లేచింది. నొక్కాను.

ఇంజన్ అరుస్తూనే ఉంది.

హెల్మెట్ లోపల నేనూ అరిచాను. "తప్పుకో! వస్తున్నా!" నీలం బండి వెనక్కి పోయింది. అబ్బా, ఆ క్షణం ఉందే, ఇవాళ్టికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. వేసవంతా మింగిన దుమ్ము ఒక్కసారి ఉమ్మేసినట్టయింది. ఇంకో బండి. నొక్కాను, అరిచాను, దాటాను. నన్ను ఆగస్టులో గుద్దబోయిన అమ్మాయి. నొక్కాను, "సారీ తల్లీ, వస్తున్నా" అని దాటాను. ఆ తర్వాత ఎంతమందిని దాటానో లెక్క తప్పింది. ఎడమ కాలి కింద ఇనుప రేకు మట్టిని కోసుకుంటూ పోతోంది. మణికట్టు తాడు లాగుతోంది. కంచె పక్కన ముగ్గురు ఆడపిల్లలు గెంతుతున్నట్టు కనపడీ కనపడనట్టు కనపడింది.

ఆఖరి చుట్టులో ముందు పసుపు హెల్మెట్ ఉంది. లోపలి వైపు దారి మూసేశాడు. బయట వైపు కంచె, అక్కడ మట్టి మెత్తగా ఉంటుంది, ఎవరూ పోరు. మా గుంటూరు రోడ్ల మీద అంచున మెత్తటి మట్టిలో ట్రాక్టర్లను దాటనిదెప్పుడు నేను! బయటికి తీశాను. అతని మోచేతి దాకా వచ్చాను. నొక్కాను. ఎంత గట్టిగా నొక్కానంటే, తర్వాత రెండు రోజులు వేలు నొప్పి పుట్టింది. "స్టూడెంట్ వస్తోంది, తప్పుకోవోయ్!" అన్నాను తెలుగులో. గీత దాటేటప్పటికి అతను నా వెనక ఉన్నాడు.

నాలుగో స్థానం. కప్పులు ముగ్గురికే ఇస్తారు. ఇవ్వకపోతే పోనీ. అనౌన్సరు మొదటిసారి నా పేరు మొత్తం పలికాడు, తప్పుగానే. ఓనరమ్మ కుంటుకుంటూ వచ్చి నా హెల్మెట్ మీద టపటపా కొట్టింది. నా రూమ్మేట్ ఏడుస్తూ తిడుతోంది, దేనికో దానికే తెలియదు.

అప్పుడు వచ్చాడు రెఫరీ. చేతులు వెనక్కి కట్టుకుని, నేరుగా బండి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఏదో తప్పు పట్టాడు, నా స్థానం తీసేస్తాడు అనుకున్నాను.

"బైనాక్యులర్స్‌లో చూశాను. దాటిన ప్రతిసారీ ఆ బటన్ నొక్కావు. దానికి వైరు లేదు కదా?"

"లేదు."

"మరి ఎందుకు?"

"వస్తున్నానని చెప్పడానికి."

"నాకేం వినపడలేదే."

"మీకెలా వినపడుతుంది సార్? మీరు నా ముందు లేరు కదా."

ఆయన నవ్వలేదు. నేను బండిని ట్రక్కు వైపు నెట్టడం మొదలుపెట్టాను. ఆయన ఇంకా దారికి అడ్డంగానే ఉన్నాడు. నా బొటనవేలు దానంతటదే లేచి ఎర్ర బటన్ నొక్కింది.

ఆయన దాని వైపు చూసి, పక్కకు తప్పుకున్నాడు.